మీ అమ్మాయి చేతిలో మాంగా ఉందా?

జపాన్ బొమ్మల కథలే మాంగా. వాటిలో అమ్మాయిల కోసం వచ్చేవి ‘షోజో’. అవన్నీ ప్రేమకథలే అనుకుంటాం. కానీ 1975లో మోటో హాగియో గీసిన ‘దే వర్ ఎలెవెన్’ ఒక ప్రవేశ పరీక్ష కథ. అంతరిక్ష విశ్వవిద్యాలయంలో సీటు కావాలంటే పదిమంది జట్టుగా 53 రోజులు నౌకలో గడపాలి. తీరా ఎక్కి చూస్తే పదకొండు మంది! అనుమానం ఉన్నా కలిసి పనిచేస్తేనే గట్టెక్కుతారు.

హాగియో బొమ్మలు గీయడం ఆమె తల్లిదండ్రులకు నచ్చేది కాదు. 2019లో జపాన్ ప్రభుత్వమే ఆమె సాంస్కృతిక సేవను గుర్తించి గౌరవించింది.

పుస్తకం లాక్కునే ముందు “కథేంటమ్మా?” అని అడగండి. వయసుకు తగినదో కాదో కూడా అప్పుడే తెలుస్తుంది. కుడి నుంచి ఎడమకు ఎలా చదవాలో తనే మీకు నేర్పుతుంది.