మినీ ట్రాక్టరుకు బ్యాక్‌హో ఎంపిక

బ్యాక్‌హో అనగా ట్రాక్టరు వెనుక అమర్చి, హైడ్రాలిక్ శక్తితో మట్టిని తన వైపుకు లాగుతూ త్రవ్వే పరికరం. ఈ పని చేసే పెద్ద యంత్రాన్ని, తయారీదారు ఎవరైనా, తెలుగునాట "జేసీబీ" అనే వ్యవహరిస్తారు.

పరిమాణం

త్రవ్వే లోతు ఒక్కటే చూసి పరికరాన్ని ఎంచుకొనరాదు. నిమిషానికి 20 లీటర్ల నూనెను 150 బార్ల పీడనంతో పంపుటకు 7-8 అశ్వశక్తి చాలును. కావున ఇంజను శక్తి కంటె ట్రాక్టరు బరువు, వెనుక ఇరుసు సామర్థ్యం ముఖ్యమైనవి. చేయి పొడవు పెరిగేకొద్దీ ట్రాక్టరు ఒరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది.

అమరిక

లిఫ్టు లింకులకు మాత్రమే తగిలించిన బ్యాక్‌హో త్రవ్వేటపుడు పైకి లేచి నడిపేవానిని నొక్కివేయవచ్చు, గేరుపెట్టె పగలవచ్చు. ట్రాక్టరు పొడవునా బిగించే ఉక్కు చట్రానికి అమర్చినది సురక్షితం.

విడపనకల్లు ప్రాంతంలో

అనంతపురం జిల్లాలోని ఈ మండలంలో నల్లరేగడి నేలలు విస్తారం. తడిసిన రేగడిలో ఊతకాళ్ళు దిగబడతాయి, కందకపు గోడలు కూలుతాయి. కాబట్టి ఊతకాళ్ళ క్రింద వెడల్పైన చెక్కలు వేయాలి. లోతైన కందకంలోనికి మనుషులు దిగరాదు.

40 లీటర్ల బకెట్టుకు, అర నిమిషానికి ఒక బకెట్టు చొప్పున లెక్క:

* బిందుసేద్యపు గొట్టాల కాలువ (100 మీ. పొడవు, 0.3 మీ. వెడల్పు, 0.6 మీ. లోతు): 18 ఘనపు మీటర్లు, 450 బకెట్లు, సుమారు 4 గంటలు.
* సేద్యపు కుంట (10 × 10 × 3 మీ.): 300 ఘనపు మీటర్లు, 7,500 బకెట్లు, 62 గంటలకు పైగా.

అనగా గొట్టాల కాలువలకు అడుగు వెడల్పు బకెట్టు గల చిన్న బ్యాక్‌హో సరిపోతుంది. కుంట కోసమని పెద్దది అప్పుచేసి కొనుటకంటె, ఆ పనికి జేసీబీని అద్దెకు పిలుచుట మేలు.