అడుగున నడిచే స్వరం

ఏదైనా పాటను ఫోన్‌లో పెట్టి, ఫోన్‌ను బల్ల మీద ఉంచి వినండి. గొంతు వినిపిస్తుంది, దరువు వినిపిస్తుంది. అదే పాటను మంచి ఇయర్‌ఫోన్స్‌తో మళ్లీ వినండి. ఇందాక లేనిదేదో కింద నడుస్తున్నట్టు తెలుస్తుంది. అది బేస్. ఫోన్ స్పీకర్ చాలా చిన్నది కాబట్టి అంత మంద్రమైన ధ్వనిని పలికించలేదు. మనలో చాలామంది ఇప్పుడు పాటలు వినేది ఫోన్‌లోనే. అందుకే బేస్ వాయించేవాళ్ల పని మునుపటికంటే ఎక్కువగా మరుగున పడుతోంది.

ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్‌ను ప్రత్యేకంగా విన్న తెలుగు శ్రోతలకు ఈ నడక కొత్తేమీ కాదు. బేస్ గిటార్‌కు ముందు ఆ చోటు డబుల్ బేస్‌ది. ఇది దాదాపు ఆరడుగుల ఎత్తు, నాలుగు తీగలు ఉండే చెక్క వాద్యం. నిలబడి, లేదా ఎత్తు స్టూలు మీద కూర్చుని వాయిస్తారు. దాని అన్నిటికంటే కింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. సింఫనీ బృందాల్లో దీన్ని ఎక్కువగా కమానుతో పలికిస్తారు, జాజ్‌లో ఎక్కువగా వేళ్లతో మీటుతారు.

మన కచేరీలో తంబుర ఆధార షడ్జాన్ని కదలకుండా పట్టుకుంటుంది. తాళం సంగతి మృదంగం చూసుకుంటుంది. జాజ్‌లో బేస్ ఈ రెండు బాధ్యతల్లోనూ సగం సగం మోస్తుంది. ఆధారం దగ్గర మాత్రం ఒక తేడా ఉంది: అది కదులుతూ ఉంటుంది. వాకింగ్ బేస్ (తాళంలో ప్రతి దెబ్బకూ ఒక స్వరం చొప్పున నడిచే పద్ధతి) అంటే ఇదే. నిమిషానికి 200 దెబ్బల వేగంలో ఐదు నిమిషాలు నడిస్తే వెయ్యి స్వరాలవుతాయి. వాటిని సాధారణంగా ఎవరూ రాసివ్వరు. వాద్యకారుడి ముందు ఉండేవి కార్డ్‌ల (ఒకేసారి మోగే స్వరాల గుత్తుల) పేర్లే. ఏ స్వరం ఎప్పుడన్నది అప్పటికప్పుడు తనే ఎంచుకోవాలి.

ఆ ఎంపికకు ఎంత బలముందో చూడండి. శంకరాభరణం స్వరాల్లో స, గ, ప మూడింటినీ పియానో ఒకేసారి మోగించిందనుకుందాం. కింద బేస్ కూడా 'స' పలికితే ఇంటికి చేరినట్టుంటుంది. అదే బేస్ మంద్ర స్థాయి 'ద' పలికితే, పియానో వేలు కూడా కదపకుండానే, గుత్తి మొత్తం మైనర్ (కాస్త దిగులు ధ్వనించే) రంగులోకి మారిపోతుంది. పైన ఉన్నవాళ్లు ఏం పలికారన్నది కింద ఉన్న మనిషి తేలుస్తాడు. ఈ వాద్యంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే.

ఇలాంటి పని మీద జీవితమంతా ఎలా నిలబడుతుందో తెలియాలంటే జాజ్ బేస్ వాద్యకారుడు రాన్ కార్టర్‌ను చూడాలి. ఆయన 1937లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టారు. పదేళ్ల వయసులో పట్టుకున్నది చెల్లో అనే తీగ వాద్యం. డెట్రాయిట్‌లోని కాస్ టెక్ హైస్కూల్‌లో చదివేటప్పుడు, బయటి కార్యక్రమాలకు పిలుపులు తనలాంటి నల్లజాతి పిల్లలకు కాక తెల్ల పిల్లలకే వెళ్తున్నాయని గమనించారు. బడి ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే విద్యార్థి చదువు ముగించుకుని వెళ్లబోతున్నాడు. ఆ చోటు ఖాళీ అయితే తనను పిలవక తప్పదని లెక్కవేసి కార్టర్ బేస్‌కు మారారు.

లెక్క సగమే ఫలించింది. రోచెస్టర్‌లోని ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయం నుంచి 1959లో పట్టా వచ్చింది. ప్రసిద్ధ సంగీత నిర్దేశకుడు లియోపోల్డ్ స్టొకోవ్‌స్కీ ఆయన బేస్ వాయించడం విన్నారు. నిన్ను తీసుకోవాలనే ఉంది గానీ, నల్లజాతి మనిషిని ఆర్కెస్ట్రాలో చేర్చుకోవడానికి మా బోర్డు సిద్ధంగా లేదని చెప్పారట. కార్టరే ఇంటర్వ్యూల్లో చెప్పిన సంగతి ఇది. అలా ఒక తలుపు మూసుకున్నాక ఆయన న్యూయార్క్ చేరి, 1961లో మాన్‌హాటన్ సంగీత పాఠశాలలో మాస్టర్స్ పూర్తి చేస్తూనే జాజ్ క్లబ్బుల్లో నిలదొక్కుకున్నారు.

1963లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ తన బృందంలోకి రమ్మని అడిగారు. అప్పట్లో జాజ్‌లో అంతకంటే పెద్ద పిలుపు లేదు. కార్టర్ అప్పుడు ఆర్ట్ ఫార్మర్ అనే మరో జాజ్ వాద్యకారుడి దగ్గర వాయిస్తున్నారు. ఫార్మర్‌ను అడగండి, ఆయన వదిలితే వస్తానన్నారు. డేవిస్ అడిగారు, ఫార్మర్ ఒప్పుకున్నారు. బేస్ వృత్తి ఎలా నడుస్తుందో ఈ చిన్న ఘటనలో ఉంది. మాటిస్తే వస్తాడు, వేళకు వస్తాడు, శ్రుతిలో ఉంటాడు. పిలుపులు తెచ్చేది ఈ నమ్మకమే. పియానోకు హెర్బీ హాన్‌కాక్, డ్రమ్స్‌కు టోనీ విలియమ్స్, తర్వాత శాక్సోఫోన్‌కు వేన్ షార్టర్ చేరిన ఆ బృందంలో కార్టర్ 1968 వరకు ఉన్నారు. మిగతా వాళ్లు ఎంత దూరం వెళ్లినా తిరిగి వచ్చే నేల ఆయనే. ఒక్కోసారి అనుకోని స్వరంతో ఆ నేలనే జరిపేవారు.

ఇక డబ్బు సంగతి. సైడ్‌మన్‌కు (ఇంకొకరి రికార్డులో వాయించే వాద్యకారుడికి) సాధారణంగా ఆ పూట రికార్డింగ్‌కు నిర్ణీత రుసుము ఇస్తారు. తర్వాత రికార్డు ఎంత అమ్ముడైనా అందులో వాటా రాదు. కాబట్టి ఆదాయం పెరగాలంటే పిలుపులే పెరగాలి. రాబర్టా ఫ్లాక్ తొలి ఆల్బమ్‌లో, గిల్ స్కాట్-హెరన్ 1971 నాటి ఆల్బమ్‌లో, ఇంకా ఎందరి రికార్డుల్లోనో కార్టర్ బేస్ ఉంది. 2015లో గిన్నిస్ సంస్థ లెక్కతేల్చినప్పుడు 2,221 రికార్డింగుల్లో ఆయన పాలుపంచుకున్నారని తేలింది. వాటిలో చాలావాటి అట్ట మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది వేరొకరి పేరు. సొంత బాణీలు కట్టడం, సొంత బృందం నడపడం, న్యూయార్క్ సిటీ కాలేజీలో పాఠాలు చెప్పడం ఆ అస్థిర ఆదాయానికి ఆయన వేసుకున్న దన్ను.

ఈలోగా వాద్యానికే పోటీ వచ్చింది. 1951లో లియో ఫెండర్ ఎలక్ట్రిక్ బేస్‌ను మార్కెట్‌లోకి తెచ్చారు. మోయడం తేలిక, ధ్వనిని ఎంతైనా పెంచవచ్చు. 1960ల చివరికి డేవిస్ కూడా విద్యుత్ వాద్యాల వైపు మళ్లారు. కార్టర్ ఎలక్ట్రిక్ బేస్‌నూ కొంత వాయించారు గానీ, తన ఇల్లు చెక్క వాద్యమేనని నిశ్చయించుకున్నారు. 1991లో 'ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' అనే హిప్‌హాప్ బృందం తమ ఆల్బమ్‌లో వాయించమంటే, బూతు మాటలు ఉండకూడదన్న షరతుతో వెళ్లి అదే డబుల్ బేస్ వాయించారు. అప్పటికే ఆయన పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ రచనలను కూడా రికార్డు చేశారు. కుర్రతనంలో చెల్లో పెట్టెలో పెట్టి మూసేసిన ఆ సంగీతాన్ని, పిలుపుల కోసం ఎంచుకున్న డబుల్ బేస్ మీదే పలికించారు.