రక్షకభటుని పిస్తోలు



పిస్తోలనగా ఒంటిచేత పట్టి కాల్చదగిన చిన్న తుపాకి. దానిని చూచి భయపడువారే గాని, దాని యంగము లేల యట్లున్నవని విచారించువా రరుదు. చట్టమును కాపాడువాని యాయుధ మెవరి సొత్తో, ఎవరి యాజ్ఞకు లోబడినదో దాని రూపమే చెప్పును. ఈ సంగతిని మన ఖాజీపేట, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమ పూర్వచరిత్రతో గూర్చి మనవి చేసెదను.

1800 సంవత్సరమున నైజాము ప్రభువు దత్తమండలములను కుంఫిణీవారి కిచ్చెను. తామస్ మన్రోగారు ప్రధాన కలెక్టరై 1807 వఱకు నుండి పాళెగాండ్ర నణచిరి. ఆ కాలమున ఊళ్లను కాచినవారు తలారులు, కావలివారు, కట్టుబడి బంట్లు. వారికి జీతము మాన్యపు భూమి. ఆయుధము కఱ్ఱ, కత్తి, బల్లెము, కొందఱికి వత్తితుపాకి. మాన్య మెవరిదో బంటు విశ్వాసమును వారిదే. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగబడినప్పుడు మాన్యములు పోయిన కట్టుబడులు ఆయన పక్షమున నిలుచుటకు ఇది యొక కారణము.

1859లో 24వ చట్టముచే చెన్నపురి రాజధానికి క్రొత్త పోలీసు ఏర్పడెను. నాటినుండి భటునకు నెలజీతము. ఆయుధము సర్కారు సొత్తు. సామాన్య భటునకు లాఠీయు పొడవు తుపాకియు, అధికారి నడుమున పిస్తోలు నుండెడివి.

పూర్వపు పిస్తోలు చెకుముకిరాతి నిప్పుతో ప్రేలెడిది. వానలో మందు తడిసిన నది వట్టి యినుపముక్క. ఒక్కసారి కాల్చిన మరల మందు దట్టించి, గుండు వేయవలెను. 1836లో అమెరికాలో సామ్యూల్ కోల్టు అనునతడు తిరుగుడు చక్రముగల పిస్తోలునకు హక్కుపత్రము పొందెను. ఇదియే రివాల్వరు. చక్రములోని గదులలో గుండ్లుండును. ఒకటి ప్రేలిన పిదప మఱియొక గది గొట్టమునకు సరిగా వచ్చి నిలుచును.

1868లో ఇంగ్లండున బర్మింగుహాములోని వెబ్లీవారు ఐర్లండు పోలీసుల పేర నొక రివాల్వరును చేసిరి. దాని చట్రము అతుకులేని గట్టి యినుము. ప్రక్కనున్న చిన్న తలుపు తెఱచి తూటాల నొక్కొక్కటిగా నింపవలెను. 1887లో బ్రిటిషు సైన్యము గ్రహించిన వెబ్లీ రివాల్వరునకు నడుమ కీలు గలదు. గొట్టమును క్రిందికి వంచినంతనే ఆఱు ఖాళీ తొడుగులు ఒక్కుమ్మడిగా వెలికివచ్చును.

ఈ యంగములకు కారణములు వినుడు. గొట్టము పొట్టి, ఏలయన, రక్షకభటుని పని దూరమున నున్నవానిని వేటాడుట కాదు, ఎదుట పైబడువాని నాపుట. సుత్తిని ముందుగా ఎత్తి పెట్టనిచో మీటను బలముగా, దీర్ఘముగా లాగవలెను. కావున వ్రేలు తగిలినంతమాత్రమున ప్రేలదు. పిడి యడుగున చిన్న వలయ మొకటి యుండును. దానికి త్రాడు కట్టి భుజమునకు తగిలింతురు. గుఱ్ఱముపై నుండి జాఱిపడకుండుటయు, పెనుగులాటలో దొంగ లాగికొని పోకుండుటయు దాని ప్రయోజనము. సర్కారు సొమ్మును పోగొట్టినవాడు జవాబు చెప్పవలెననుటకును ఆ త్రాడే గుఱుతు.

ఇనుపవలయమునకు తోడు చట్టపు వలయము నున్నది. మరణశిక్షకుగాని యావజ్జీవశిక్షకుగాని తగిన నేరము మోపబడనివానిని పట్టుకొనుటలో చంపుటకు ఆ ప్రకరణము హక్కు నీయదని 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు చట్టమున చెప్పబడెను. నాటి మాటలలో యావజ్జీవశిక్ష ద్వీపాంతరవాసము. 2023 నాటి నాగరిక సురక్షా సంహితలోను ఆ నియమము నిలిచియున్నది. ఇషాపూరులో 1981 మొదలు 9 మిల్లీమీటర్ల పిస్తోళ్లు తయారగుచున్నవి. వానిలో తిరుగుడు చక్రము లేదు, తూటాలు పిడిలోని పెట్టె నుండి వచ్చును. ఆయుధము మాఱినను నియమము మాఱలేదు.

కక్షలతో నలిగిన మన సీమలో తుపాకి యున్నవాడే పెద్ద యను భ్రమ కొందఱి కుండెడిది. లెక్క చెప్పవలసినవాని చేతి యాయుధము ఊరికి కాపు. లెక్క చెప్పనివాని చేతిది ఊరికి చేటు. ఈ భేదమును పెద్దలు పిల్లలకు నేర్పవలెనని నా ప్రార్థన.