అంగన్‌వాడీ సెల్‌ఫోను - పంచాయతీ సభ్యులు

మైపాడు మొదలు జువ్వలదిన్నె వరకుగల మన నెల్లూరు తీరగ్రామములలో అంగన్‌వాడీ పిల్లల వివరములు, తల్లుల ఫోను నంబర్లు 2021 నుండి ‘పోషణ్ ట్రాకర్’ ద్వారా కార్యకర్త సెల్‌ఫోనునకు చేరినవి. రహస్యసంఖ్య పెట్టని ఫోను తాళము లేని బీరువా వంటిదే.

అంతకన్న పెద్ద చిక్కు వేరొకటి కలదు. నమోదు వేళ కేంద్రములో ఓ.టి.పి. చెప్పుట తల్లులకు అలవాటైనది. మోసగాండ్రకు కావలసినది ఆ అలవాటే. “మాతృవందన సొమ్ము వచ్చినది, ఓ.టి.పి. చెప్పుము” అని ఫోను చేయుదురు. భర్త వేటకు పోయియుండును. అడుగుటకు ఇంట మరెవ్వరును ఉండరు. చెప్పినచో ఖాతా ఖాళీయే!

కేంద్రమున కార్యకర్త ఎదుట తప్ప, ఫోనులో ఎవరడిగినను ఆ సంఖ్య చెప్పరాదని సభ్యులు తల్లుల సమావేశములలో విశదపరుపవలెనని కోరుచున్నాము. సొమ్ము పోయినచో తెల్లవారువరకు ఆగక, వెంటనే 1930కి ఫోను చేయించవలెను. ఆలస్యము కానిచో సొమ్మును దారిలోనే నిలుపుటకు అవకాశము కలదు.