ఉన్నతవిద్య: ప్రవేశసౌలభ్యము – ప్రమాణరక్షణము

ఉన్నతవిద్య పలువురకు అందినచో ప్రమాణము సన్నగిల్లుననియు, ప్రమాణము నిలుపవలెనన్న ప్రవేశద్వారమును ఇరుకు చేయవలెననియు విద్వద్గోష్ఠులలో తరచుగా వినవచ్చుచుండును. అఖిలభారత ఉన్నతవిద్యా సర్వేక్షణము ప్రకారము 2021-22లో మన దేశమున ఉన్నతవిద్యార్థులు సుమారు 4.33 కోట్లు. 18-23 సంవత్సరముల వయోవర్గమును బట్టి లెక్కించిన స్థూలప్రవేశ నిష్పత్తి 28.4 శాతము. దీనిని 2035 నాటికి 50 శాతమునకు చేర్చవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానము సంకల్పించినది. కావున పై అభిప్రాయమును పరీక్షింపవలసియున్నది.

ఇందుకు మన శాస్త్రపరంపరలోనే ఒక నిదర్శనము కలదు. పాణినీయమున దాదాపు 4,000 సూత్రములు గలవు. సూత్రక్రమమున చదువువాడు ఒక్క రూపసిద్ధికై పలు అధ్యాయములు వెదకవలసియుండును. భట్టోజీ దీక్షితులు సిద్ధాంతకౌముదిలో వానిని ప్రక్రియానుసారముగ కూర్చిరి. ఆయన శిష్యుడగు వరదరాజు మధ్యకౌముదిని, సుమారు 1,270 సూత్రములతో లఘుకౌముదిని రచించెను. ఇందు సూత్రములు తగ్గినవే కాని ప్రక్రియ పలుచబడలేదు. లఘుకౌముదితో ఆరంభించినవాడు క్రమముగ సిద్ధాంతకౌముదిని చేరగలడు. శాస్త్రము ఎత్తు తగ్గకయే ఎక్కుటకు మెట్లు ఏర్పడినవి.

అట్లని పాఠశాలావిధానమును సర్వాంశముల ఆదర్శమని చెప్పరాదు. గ్రంథమునకు మెట్లు కట్టిన ఆ పరంపరయే స్త్రీలకును, పెక్కు కులములవారికిని వాకిలి మూసియుంచినది. పదిమందికి చెప్పి సాధించిన ప్రౌఢిని చూపి కోట్లమందిని కాదనుట న్యాయము గాదు.

వాకిలి తెరచిన యత్నములలో 1982లో హైదరాబాదున వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము ముఖ్యమైనది. దేశమున ఇట్టివానిలో ఇదియే మొదటిది. 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు దీనికి పెట్టబడినది. ఇంటర్మీడియట్ చదువనివారిని సైతము అర్హతాపరీక్ష ద్వారా డిగ్రీలో చేర్చుకొని, తెలుగులో ముద్రితపాఠములను, అధ్యయనకేంద్రములలో తరగతులను ఏర్పరచినది. ప్రవేశమున సడలింపు కలదు; పట్టమునకు మాత్రము పరీక్ష తప్పదు. అయినను ముద్రితపాఠము సందేహమునకు బదులు చెప్పజాలదు. అధ్యాపకుడు లేనిచో తెరచిన వాకిలి వెనుక శూన్యమే మిగులును.

ప్రాచ్యకళాశాలలకును ఈ న్యాయమే వర్తించును. సంస్కృతపరిచయము లేని విద్యార్థికి తొలినాడే ప్రౌఢగ్రంథమును నిర్ణయించినచో అతడు ప్రశ్నోత్తరములను వల్లించి ఉత్తీర్ణుడగును; శాస్త్రము అతనికి అందదు. తొలి ఆరు మాసములు భాషాప్రవేశమునకు కేటాయింపవలెను. నిన్నటి పాఠము అప్పగించిన పిమ్మటనే నేటి పాఠము చెప్పు పాత పద్ధతిని మౌఖికపరీక్షగ పునరుద్ధరింపవలెను. ఖాళీపడిన అధ్యాపకస్థానములను నింపవలెను. 1994లో ఏర్పడిన జాతీయ మదింపు, గుర్తింపు మండలి కళాశాలల ప్రమాణమును కొలువగలదు. ఆ ప్రమాణమును కల్పింపవలసినది తరగతిలోని అధ్యాపకుడే. వచ్చిన విద్యార్థికి తగిన మెట్టు చూపుట మన ధర్మము. అది నెరవేర్చిననాడు సంఖ్య పెరుగుటకు జంకవలసిన పని యుండదు.