బొమ్మ కారు కాదు, రేసు కారు: ఆర్‌సీ రేసింగ్ ఎలా మొదలుపెట్టాలి?



పుట్టినరోజుకి కొన్న రిమోట్ కారు మీ ఇంట్లో ఎన్నాళ్లు నడిచింది? చాలా ఇళ్లలో నెల తిరక్కుండానే చక్రం ఊడి అటక ఎక్కేస్తుంది. తప్పంతా పిల్లలది కాదు. ఆ కార్లలో చాలావాటికి విడిభాగాలు దొరకవు. 'హాబీ గ్రేడ్' కార్లు అలా కాదు. మోటారు, స్టీరింగ్ సర్వో, స్పీడ్ కంట్రోలర్, టైర్లు... ఏది పాడైతే అది విప్పి మార్చుకోవచ్చు. రేసులు నడిచేది వీటితోనే. జపాన్‌కు చెందిన టమియా సంస్థ 1976లోనే పోర్షే 934 నమూనాతో రిమోట్ కారు కిట్ తెచ్చింది. ఇప్పుడు ఈ ఆటకు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు కూడా ఉన్నాయి.

ఏది కొనాలి?

మొదటి కారుగా 1/10 సైజు, అంటే అసలు కారులో సుమారు పదో వంతు ఉండే ఎలక్ట్రిక్ కారు మంచిది. నైట్రో ఇంధనంతో నడిచేవి ఇప్పుడే వద్దు. మోటారు 'బ్రష్డ్' రకమైతే చాలు. వేగం తక్కువ, ఖర్చూ తక్కువ. రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది అయితే పక్కవాళ్ల సిగ్నల్‌తో చిక్కు రాదు. డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: "ముందు చక్రం దగ్గర సస్పెన్షన్ ఆర్మ్ విరిగితే మీ దగ్గర దొరుకుతుందా?" జవాబు సరిగ్గా రాకపోతే ఆ కారు వద్దు.

బ్యాటరీ పెద్దల బాధ్యత

ఈ హాబీలో అసలు ప్రమాదం వేగం కాదు, లిథియం పాలిమర్ (లైపో) బ్యాటరీ. సరిగా వాడకపోతే మంట అంటుకోవచ్చు. కాబట్టి మొదట్లో నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ చాలు. లైపోకి మారినప్పుడు ఈ నియమాలు తప్పనిసరి:

• బ్యాలెన్స్ ఛార్జర్‌తోనే ఛార్జ్ చేయాలి. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు.
• పరుపు, సోఫా మీద కాదు. గచ్చు మీద పెట్టాలి. పెద్దలు దగ్గరుండాలి. రాత్రి ఛార్జింగ్‌లో పెట్టి పడుకోవద్దు.
• ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడవద్దు.

మొదటి నెల

రోడ్డు మీద, సెల్లార్‌లో వాహనాలు తిరిగే చోట నడపవద్దు. ఖాళీ మైదానంలో రెండు నీళ్ల సీసాలు పెట్టి, వాటి చుట్టూ 8 ఆకారంలో తిప్పమనండి. ముందు రిమోట్ ఆన్ చేసి, తర్వాత కారు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోట్. మొదటి రోజే ఈ మాట వినిపిస్తుంది: "నాన్నా, కుడికి తిప్పితే ఎడమకి పోతోంది!" కారు పాడవలేదు. అది మనవైపు వస్తున్నప్పుడు దాని కుడి మనకి ఎడమ అవుతుంది. "నువ్వే ఆ కార్లో కూర్చున్నావనుకో" అని చెప్పండి. కొన్నాళ్లకు చేతికి అలవాటవుతుంది.

ఎవరు గెలుస్తారు?

రేసు 5 నిమిషాలు, అంటే 300 సెకన్లు అనుకుందాం. ఒకరు 20 సెకన్లకో ల్యాప్ తిరుగుతారు కానీ నాలుగుసార్లు బోల్తా పడి, ప్రతిసారీ 6 సెకన్లు పోగొట్టుకుంటారు. 14 ల్యాప్‌లకు 280 + 24 = 304 సెకన్లు. అప్పటికే సమయం అయిపోయింది. ఇంకొకరు 21 సెకన్లకో ల్యాప్, బోల్తా లేదు. 14 ల్యాప్‌లకు 294 సెకన్లే. సమయం ముగియకముందు మొదలైన ల్యాప్‌ను పూర్తి చేయనిస్తారు కాబట్టి 15వ ల్యాప్ కూడా దక్కుతుంది. నెమ్మదిగా వెళ్లినవాళ్లే గెలిచారు! ఈ లెక్క మీ అబ్బాయితోనో అమ్మాయితోనో వేయించండి.

క్లబ్బు రేసుల్లో ఇంకో మంచి పద్ధతి ఉంది. తమ రేసు అయిపోగానే పిల్లలైనా పెద్దలైనా ట్రాక్ పక్కన మార్షల్‌గా నిలబడి, తర్వాతి రేసులో బోల్తాపడిన కార్లను లేపి పెట్టాలి. ఇందాక తమని ఓడించిన వాళ్ల కారైనా సరే.

ఈ హాబీ మార్కులు తేదు. కానీ విరిగినదాన్ని పారేయకుండా విప్పి చూడటం నేర్పుతుంది. ఈ ఆదివారం కొత్త కారు కొనక్కర్లేదు. అటక మీది పాత కారు దించి, ఒక స్క్రూడ్రైవర్ ఇచ్చి, బ్యాటరీ తీసేశాక పక్కన కూర్చోండి. పిల్లలు గంటసేపు లేవకపోతే, అప్పుడు కొనడం గురించి ఆలోచిద్దాం.