యూరియా గాలిలో గలిసిపోకుండ కాపాడుకొను విధము

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములయందు, 1967లో నీరు వదలబడిన నాగార్జునసాగరు ఎడమకాలువ క్రింద వరి పండించు పట్టాదారులకు తెలియజేయునది.

తెల్లవారి పశువుల కొట్టము తలుపు తీయగానే ముక్కునంటు ఘాటువాసన ప్రతి రైతునకును అనుభవమే. పశువుల మూత్రమందలి యూరియా విరిగి అమ్మోనియా యను వాయువగుటయే దీనికి కారణము. సంచిలోని యూరియాయు ఆ పదార్థమే. పొలములో దానికిని అదే మార్పు కలుగును.

యూరియా తనంత తాను త్వరగా విరుగదు. యూరియేజ్ అను ఎంజైము నీటి సాయముతో దానిని విరిచి అమ్మోనియాగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చును. ఎంజైమనగా జీవులలో పుట్టి, తాను ఖర్చుగాక, ఇతర పదార్థముల మార్పును త్వరపరచునది. మట్టిలోని సూక్ష్మజీవులయందును, కుళ్లుచున్న కొయ్యకాళ్లయందును యూరియేజ్ ఉండును. అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ సమ్నర్ 1926లో దీనిని జాక్‌బీన్ గింజలనుండి స్ఫటికములుగా వేరుచేసి, ఎంజైము మాంసకృత్తేయని చూపెను. 1946లో నోబెల్ బహుమానము పొందినవారిలో ఆయన యొకరు.

ఈ మార్పు పైరునకు విరోధి కాదు, అవసరమే. అది జరుగు చోటునుబట్టియే లాభనష్టములు. మట్టిలోపల జరిగినచో బంకమన్ను అమ్మోనియాను పట్టి యుంచి వేళ్లకిచ్చును. నిలువ నీటిలో జరిగినచో, పగటి యెండలో పాచి బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుటచే నీటికి క్షారగుణము హెచ్చి, అమ్మోనియా గాలిలోనికి లేచిపోవును. 45 కిలోల సంచిలో నత్రజని 20.7 కిలోలు మాత్రమే. ఎగిరిపోయిన భాగమునకును రైతు వెల చెల్లించినవాడే.

కావున రైతులు ఈ క్రింది విధముగా చేయవలెను.

1. మడిలో నీరు తీసివేసి, బురదపదనులో యూరియాను సమముగా చల్లవలెను.

2. 36 మొదలు 48 గంటల తరువాత పలుచగా నీరు పెట్టవలెను. కాలువ నీటి వంతు ఎన్నడు వచ్చునో ముందుగా తెలిసికొని, చల్లు దినమును నిశ్చయించుకొనవలెను. నేల నెఱ్ఱెలు విచ్చువరకు ఆరనీయరాదు.

3. మొత్తము నొక్కసారి వేయక, నాటునపుడును, దుబ్బుచేయునపుడును, అంకురదశయందును పంచి వేయవలెను.

4. వేపపూత గలదని నిలువ నీటిలో చల్లరాదు. 2015 మొదలు మనదేశపు యూరియాకు వేపపూత తప్పనిసరి యైనది. అయినను ఆ పూత ముఖ్యముగా అమ్మోనియము నైట్రేటుగా మారుటను ఆలస్యము చేయునదేకాని, అమ్మోనియా గాలికి పోవుటను అరికట్టునది కాదు.

ఇందుకు వేఱు ఖర్చు లేదు. చల్లుటకు ముందు మడిగట్టు తెరచి నీరు తీసివేయు శ్రమ మాత్రమే కావలయును.